ముడిఖనిజ శుద్ధి పరీక్షలు

ముడిఖనిజ శుద్ధి పరీక్షలు అనగా భూమి నుండి తీసిన ముడిఖనిజపు నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి, వాటి నుండి విలువైన ఖనిజాన్ని గాని లోహాన్ని గాని ఏ పద్ధతిలో, ఎంత శాతం, ఎంత ఖర్చుతో వేరుచేయవచ్చునో నిర్ణయించే ప్రయోగాల వరుస. ఇది లోహ సంగ్రహణ శాస్త్రంలో ఒక విభాగం. ఒక ప్రాంతంలో ఖనిజ నిక్షేపం ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చిన తరువాత, కర్మాగారం నిర్మించడానికి ముందు ఈ పరీక్షలు జరుగుతాయి.

రాతిలో లోహం ఉండడం వేరు, ఆ లోహం చేతికి రావడం వేరు. రెండు గనుల రాళ్ళలో టన్నుకు 5 గ్రాముల చొప్పున సమానంగా బంగారం ఉన్నదనుకుందాం. మొదటి రాతిలో బంగారం విడి రేణువులుగా ఉంటే సైనైడ్ ద్రావణంలో దాదాపు మొత్తం కరిగి వస్తుంది. రెండవ రాతిలో అది పైరైట్ లేదా ఆర్సెనోపైరైట్ స్ఫటికాల లోపల కంటికి కనిపించని సూక్ష్మ రూపంలో చిక్కుకొని ఉంటే, ఎంత మెత్తగా నూరినా సగం కూడా రాకపోవచ్చు. రసాయన విశ్లేషణలో రెండూ ఒకే అంకెను చూపిస్తాయి. తేడా బయటపడేది శుద్ధి పరీక్షలలో మాత్రమే. అందుచేతనే ఒక గనిలో విజయవంతమైన పద్ధతిని మరొక గనికి యథాతథంగా వర్తింపజేయరు.

భారతదేశంలో ఇటువంటి పరీక్షలు జరిపే సంస్థలలో జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధన ప్రయోగశాల, భువనేశ్వర్‌లోని ఖనిజ పదార్థ సాంకేతిక సంస్థ, నాగపూర్ కేంద్రంగా గల భారతీయ గనుల బ్యూరో ముఖ్యమైనవి. హైదరాబాదులో ఉప్పల్ వద్ద జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు పరిశోధన కేంద్రం ఉన్నది. బేగంపేటలో అణు ఖనిజ అన్వేషణ సంచాలనాలయపు ప్రధాన కార్యాలయం ఉన్నది. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన ఖనిజ శుద్ధి విభాగం కూడా అదే ఆవరణలో పనిచేసింది.

నమూనా సేకరణ

పరీక్షలన్నింటికీ ఆధారం నమూనా. కొన్ని కోట్ల టన్నుల నిక్షేపం గురించిన నిర్ణయం కొన్ని వందల కిలోల రాతి మీద, చివరకు ప్రయోగశాల బల్ల మీది ఒక కిలో పొడి మీద ఆధారపడుతుంది. ఆ కిలో పొడి మొత్తం నిక్షేపానికి ప్రతినిధి కాకపోతే తరువాత ఎంత జాగ్రత్తగా చేసిన ప్రయోగమైనా వ్యర్థమే.

సాధారణంగా డ్రిల్లింగ్ ద్వారా వచ్చిన స్తంభాకారపు రాతిని, అంటే కోర్‌ను, నిలువుగా రెండుగా కోస్తారు. ఒక సగాన్ని పరీక్షలకు పంపి, రెండవ సగాన్ని పెట్టెలో భద్రపరుస్తారు. పరీక్షకు వచ్చిన రాతిని క్రషర్‌లో పగులగొట్టి, బాగా కలిపి, శంఖు ఆకారంలో కుప్ప పోసి, దానిని చదును చేసి నాలుగు భాగాలుగా విభజిస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలను ఉంచుకొని మిగిలిన రెండింటిని తీసివేస్తారు. కావలసిన పరిమాణం వచ్చేవరకు ఈ విధంగా తగ్గిస్తూ పోతారు.

ఎంత బరువు నమూనా తీసుకోవాలి అన్న ప్రశ్నకు ఫ్రెంచి ఇంజనీరు పియర్ గీ (1924–2015) గణిత రూపంలో సమాధానం ఇచ్చాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం నమూనాలో దొర్లే మౌలిక దోషం రేణువుల పరిమాణపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, నమూనా బరువు పెరిగేకొద్దీ తగ్గుతుంది. రాతి ముక్కల పరిమాణం రెట్టింపైతే, అదే ఖచ్చితత్వం కోసం ఎనిమిది రెట్ల నమూనా కావాలి. బంగారం వంటి అరుదైన లోహాల విషయంలో ఇది చాలా ముఖ్యం. ఒక్క పెద్ద రేణువు నమూనాలో పడినా, పడకపోయినా ఫలితం తలకిందులవుతుంది.

ఒకే నమూనా సరిపోదు. నిక్షేపమంతటి నుండి తీసిన రాళ్ళను కలిపి చేసిన సమ్మిశ్ర నమూనా సగటు ప్రవర్తనను మాత్రమే తెలుపుతుంది. కర్మాగారానికి ఏ రోజూ సగటు రాయి రాదు. ఒకరోజు మెత్తనిది, మరొకరోజు గట్టిది వస్తుంది. కాబట్టి నిక్షేపంలోని వేరువేరు భాగాల నమూనాలను విడివిడిగా కూడా పరీక్షిస్తారు. భూమి పైపొరలలో గాలికీ నీటికీ గురియై ఆక్సీకరణం చెందిన ముడిఖనిజం, లోతులోని సల్ఫైడ్ ఖనిజం ఒకే గనివే అయినా రెండింటికీ వేరువేరు పద్ధతులు అవసరం కావచ్చు. సల్ఫైడ్ నమూనాలు నిల్వలో కూడా ఆక్సీకరణం చెందుతాయి. అందువలన వాటిని శీతల గిడ్డంగులలో గాని, నత్రజని నింపిన సంచులలో గాని ఉంచుతారు.

నమూనా విషయంలో జరిగిన అతి పెద్ద మోసం ఇండోనేషియాలోని బుసాంగ్ బంగారు నిక్షేపానిది. కెనడాకు చెందిన బ్రీ-ఎక్స్ మినరల్స్ అనే సంస్థ బోర్నియో ద్వీపంలో సుమారు 7 కోట్ల ఔన్సుల బంగారం ఉన్నదని ప్రకటించింది. కోర్‌లో సగం దాచి ఉంచే ఆనవాయితీని పక్కన పెట్టి, కోర్‌ను దాదాపు మొత్తంగా నూరివేయడం వల్ల తిరిగి సరిచూసుకొనే వీలు లేకపోయింది. పొడి చేసిన నమూనాలలో బయటి బంగారం కలిపారు. 1997లో ఫ్రీపోర్ట్ మెక్‌మోరాన్ సంస్థ స్వయంగా డ్రిల్లింగ్ చేయగా చెప్పుకోదగిన బంగారమే కనిపించలేదు. నమూనాలలోని బంగారు రేణువుల అంచులు నదీప్రవాహంలో దొర్లిన వాటివలె గుండ్రంగా ఉన్నాయి. గట్టి రాతిలో పుట్టిన రేణువులు అలా ఉండవు. సూక్ష్మదర్శిని కింద రేణువు ఆకారాన్ని చూడడం శుద్ధి పరీక్షలలో మామూలుగా జరిగే పనే. ఆ సంకేతాన్ని మదుపుదారులు ఆలస్యంగా గ్రహించారు.

రసాయన విశ్లేషణ, ఖనిజ పరిశీలన

నమూనా సిద్ధమైన తరువాత అందులో ఏ మూలకం ఎంత ఉన్నదో విశ్లేషిస్తారు. బంగారానికి నేటికీ ప్రామాణికమైనది మూసలో కరిగించే పాత పద్ధతియే. సుమారు 30 గ్రాముల పొడిని సీసపు ఆక్సైడ్, ఇతర ద్రవకారులతో కలిపి కొలిమిలో కరిగిస్తారు. సీసం అడుగుకు చేరుతూ బంగారాన్ని, వెండిని తనలో కలుపుకొంటుంది. ఆ సీసపు గుండును ఎముక బూడిద లేదా మెగ్నీషియాతో చేసిన చిన్న గిన్నెలో వేడిచేస్తే సీసం ఆక్సైడుగా మారి గిన్నెలోకి ఇంకిపోయి, చివరకు విలువైన లోహపు చిన్న పూస మిగులుతుంది. ఆ పూస నుండి వెండిని నత్రికామ్లంతో కరిగించి తీసివేసి, మిగిలిన బంగారాన్ని తూస్తారు.

తరువాత రాతిని పలుచని పలకగా కోసి, మెరుగుపెట్టి సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. విలువైన ఖనిజం ఏది, దాని రేణువు ఎంత పెద్దది, దేనితో అతుక్కొని ఉన్నది, చుట్టూ ఉన్న ఖనిజ మాలిన్యం ఏమిటి అన్నవి ఇక్కడ తేలుతాయి. ఖనిజ మాలిన్యం గురించిన సమాచారాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు గాని, పద్ధతిని నిర్ణయించేది అనేక సందర్భాలలో అదే. దిగువ తుమ్మలపల్లె ఉదాహరణలో ఈ సంగతి స్పష్టమవుతుంది.

నూరే పరీక్షలు

విలువైన రేణువు మాలిన్యం నుండి విడివడేవరకు రాతిని నూరవలసి ఉంటుంది. తక్కువ నూరితే రేణువులు అతుక్కొని ఉండి వేర్పాటు కుదరదు. ఎక్కువ నూరితే బురదవంటి అతి సూక్ష్మ పదార్థం తయారై తరువాతి దశలన్నింటికీ అడ్డు తగులుతుంది. పైగా కర్మాగారంలో విద్యుత్తు అత్యధికంగా ఖర్చయ్యేది సాధారణంగా నూరడంలోనే.

రాతి గట్టిదనాన్ని కొలవడానికి ఫ్రెడ్ బాండ్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన పరీక్ష ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఆయన దీనికి ఆధారమైన సిద్ధాంతాన్ని 1952లో ప్రకటించాడు. 305 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే పొడవు గల చిన్న బాల్‌మిల్లులో 700 ఘన సెంటీమీటర్ల రాతి పొడిని పోసి, ఉక్కు గుండ్లతో నిమిషానికి 70 చుట్ల వేగంతో తిప్పుతారు. జల్లెడ దిగిన భాగాన్ని తీసి, దాని స్థానంలో అంతే కొత్త పొడిని చేరుస్తూ, ఫలితం స్థిరపడేవరకు మరల మరల తిప్పుతారు. దీని నుండి ఆ రాతికి ఒక సూచిక లభిస్తుంది.

ఈ సూచిక ఎంత అక్కరకు వస్తుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. సూచిక టన్నుకు 15 యూనిట్లుగా గల రాతిని 2000 మైక్రాన్ల నుండి 150 మైక్రాన్లకు నూరడానికి బాండ్ సూత్రం ప్రకారం టన్నుకు సుమారు 8.9 యూనిట్ల విద్యుత్తు కావాలి. అదే రాతిని 74 మైక్రాన్ల వరకు నూరితే 14.1 యూనిట్లు కావాలి. రోజుకు 3000 టన్నులు నూరే కర్మాగారంలో ఈ తేడా 15 వేల యూనిట్లకు మించుతుంది. కాబట్టి ఎంత మెత్తదనం వద్ద ఆగాలన్నది వేర్పాటు ఫలితాలను, విద్యుత్తు ఖర్చును పక్కపక్కన పెట్టుకొని నిర్ణయిస్తారు.

వేర్పాటు పరీక్షలు

సాంద్రతలో తేడా ఉన్న ఖనిజాలను నీటి సహాయంతో వేరుచేయడం అన్నింటికంటే పురాతనమైన పద్ధతి. బియ్యంలో రాళ్ళను గాలించే సూత్రమే ఇక్కడ కూడా పనిచేస్తుంది. బంగారం, తగరపు రాయి, ముగ్గురాయి వంటి బరువైన ఖనిజాలకు ఇది అనుకూలం. భీమునిపట్నం తీరపు ఇసుకలోని ఇల్మెనైట్ వంటి ఖనిజాలకు సాంద్రతతోపాటు అయస్కాంత, స్థిరవిద్యుత్ ధర్మాలను కూడా పరీక్షించి చూస్తారు.

రాగి, సీసం, జింకు సల్ఫైడులకు ప్రధానమైనది ప్లవన ప్రక్రియ. ఇది 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనులలో పెద్ద ఎత్తున ఆచరణలోకి వచ్చింది. ప్రయోగశాలలో సుమారు ఒక కిలో పొడిని నీటితో కలిపి, కొన్ని లీటర్లు పట్టే తొట్టిలో కలియబెడుతూ గాలి బుడగలను పంపుతారు. గ్జాంథేట్ వంటి రసాయనం సల్ఫైడ్ రేణువుల ఉపరితలాన్ని నీటికి తడవకుండా చేస్తుంది. అవి బుడగలకు అంటుకొని నురుగుతోపాటు పైకి వస్తాయి. తడిసే మాలిన్యం అడుగున ఉండిపోతుంది. ఏ రసాయనం, ఎంత, ఏ క్షారతలో, ఎన్ని నిమిషాలు అన్న ప్రశ్నలకు ఒక్కొక్క అంశాన్నే మారుస్తూ పదుల సంఖ్యలో ప్రయోగాలు చేస్తారు.

ఫలితాన్ని రెండు అంకెలతో చెబుతారు: సాంద్రీకృత ఖనిజపు నాణ్యత, రాబడి శాతం. ఉదాహరణకు 1 శాతం రాగి గల 1000 కిలోల ముడిఖనిజంలో 10 కిలోల రాగి ఉంటుంది. దాని నుండి 25 శాతం రాగి గల సాంద్రీకృత ఖనిజం లభించి, మిగిలిన వ్యర్థంలో 0.1 శాతం రాగి ఉండిపోయిందనుకుంటే, సాంద్రీకృత ఖనిజపు బరువు సుమారు 36 కిలోలు, అందులోని రాగి 9 కిలోలకు కొద్దిగా ఎక్కువ, అనగా రాబడి సుమారు 90 శాతం అవుతుంది. నాణ్యతను పెంచబోతే రాబడి తగ్గుతుంది, రాబడిని పెంచబోతే నాణ్యత పడిపోతుంది. నాణ్యత ఒక్కదానినే చూపించి రాబడిని దాచే నివేదికకు విలువ లేదు.

ఒక్కొక్క తొట్టిలో విడిగా చేసే ప్రయోగానికి ఒక లోపం ఉన్నది. కర్మాగారంలో మధ్యస్థంగా మిగిలిన పదార్థాన్ని, వాడిన నీటిని తిరిగి మొదటి దశకు పంపుతారు. ఆ నీటితోపాటు రసాయనాల శేషం కూడా తిరిగి వస్తుంది. దీని ప్రభావాన్ని తెలుసుకోవడానికి ఒక ప్రయోగపు మధ్యస్థ పదార్థాన్ని తరువాతి ప్రయోగంలో కలుపుతూ, వరుసగా ఆరేడు ఆవృత్తులు చేస్తారు. స్థానిక బోరునీటితో కూడా పరీక్షిస్తారు. శుద్ధమైన నీటితో చక్కగా తేలిన ఖనిజం ఉప్పునీటిలో తేలకపోవచ్చు.

నిక్షాళనం, తుమ్మలపల్లె ఉదాహరణ

లోహాన్ని తగిన ద్రావణంలో కరిగించి రాతి నుండి వేరుచేయడాన్ని నిక్షాళనం అంటారు. బంగారానికి సైనైడ్ ద్రావణాన్ని, యురేనియానికి ఆమ్లాన్ని గాని క్షారాన్ని గాని వాడుతారు. బంగారు ముడిఖనిజాన్ని పరీక్షించేటప్పుడు పొడిని సైనైడ్ ద్రావణంతో సీసాలో పోసి, సీసాను ఒకటి రెండు రోజులపాటు దొర్లిస్తూ, మధ్యమధ్య ద్రావణాన్ని తీసి విశ్లేషిస్తారు. విషవాయువు వెలువడకుండా సున్నం కలిపి క్షారతను కాపాడుతారు. ఎంత బంగారం కరిగిందన్నదానితోపాటు ఎంత సైనైడ్, ఎంత సున్నం ఖర్చయ్యాయన్నది కూడా నమోదు చేస్తారు.

ఖనిజ మాలిన్యం పద్ధతిని ఎలా శాసిస్తుందో తెలుసుకోవడానికి కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం నిక్షేపం మంచి ఉదాహరణ. జార్ఖండ్‌లోని జాదుగూడ వద్ద 1960ల చివరి నుండి యురేనియాన్ని గంధకామ్లంతో కరిగించి తీస్తున్నారు. తుమ్మలపల్లెలో ఆ పద్ధతి పనికిరాదు. కడప హరివాణంలోని వేంపల్లె శిలాశ్రేణికి చెందిన ఇక్కడి యురేనియం డోలమైట్ సున్నపురాతిలో ఉన్నది. డోలమైట్ కాల్షియం, మెగ్నీషియంల కార్బొనేట్. అది ఆమ్లాన్ని మింగివేస్తుంది.

రసాయన సమీకరణం ప్రకారం ఒక టన్ను డోలమైట్‌ను తటస్థీకరించడానికి 1 టన్నుకు మించిన గంధకామ్లం కావాలి. ముడిఖనిజంలో 80 శాతం డోలమైట్ ఉన్నదనుకుంటే టన్ను రాతికి దాదాపు 850 కిలోల ఆమ్లం ఖర్చవుతుంది. ఇంత చేసి కరిగించేది ఎంత? ఇక్కడి ముడిఖనిజంలో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.04 శాతం, అనగా టన్నుకు 400 గ్రాములు. నిక్షేపం ఉన్నదని తెలిసిన తరువాత కూడా దానిని వాడుకోలేకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

అందువలన పరిశోధకులు సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణాన్ని ఎంచుకొన్నారు. ఇది డోలమైట్ జోలికి పోదు. యురేనియం మాత్రం కార్బొనేట్‌తో కలిసి నీటిలో కరిగే సంక్లిష్టాన్ని ఏర్పరుస్తుంది. అయితే క్షార నిక్షాళనానికి తనవైన ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, రాతిలోని యురేనియం చాలావరకు నాలుగు సంయోజకతల రూపంలో ఉంటుంది, అది ఆరు సంయోజకతల రూపానికి మారితేనే కరుగుతుంది, కాబట్టి ఆక్సిజన్ అందించాలి. రెండవది, క్షార ద్రావణం రాతిని తొలుచుకొని లోపలికి పోలేదు, అందుచేత రాతిని మెత్తగా నూరాలి. మూడవది, చర్య చాలా నెమ్మదిగా సాగుతుంది. ప్రెషర్ కుక్కర్‌ను పోలిన ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో, 120 డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఉష్ణోగ్రత వద్ద, ఆక్సిజన్ పీడనంలో కొన్ని గంటలు ఉంచినప్పుడే తగినంత రాబడి వచ్చింది.

బైకార్బొనేట్ పాత్ర కూడా పరీక్షలలో తేల్చవలసిన విషయమే. యురేనియం కరిగేటప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. అది పేరుకొంటే కరిగిన యురేనియం తిరిగి అవక్షేపమై రాతిపొడిలోనే కలిసిపోతుంది. బైకార్బొనేట్ ఆ హైడ్రాక్సైడ్‌ను తటస్థం చేస్తుంది. అదే చర్యను చివరి దశలో కావాలనే జరిపిస్తారు: వడపోసిన ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా చేర్చి యురేనియాన్ని సోడియం డైయురనేట్ అనే పసుపుపచ్చని పొడిగా అవక్షేపింపజేస్తారు. మిగిలిన ద్రావణంలోకి బొగ్గుపులుసు వాయువును పంపి కార్బొనేట్‌ను పునరుద్ధరించి మళ్ళీ వాడుతారు. టన్నుకు 400 గ్రాముల సరుకు కోసం సోడాను ప్రతిసారి కొత్తగా కొనవలసి వస్తే గిట్టుబాటు కాదు. రాతిలోని పైరైట్ ఆక్సీకరణం చెంది సోడాను సోడియం సల్ఫేట్‌గా మార్చివేస్తుంది. తిరుగుతున్న ద్రావణంలో ఈ సల్ఫేట్ పేరుకొనకుండా తీసివేసే ఏర్పాటు కూడా పద్ధతిలో చేర్చవలసి వచ్చింది.

హైదరాబాదు ప్రయోగశాలలో చిన్న ఆటోక్లేవ్‌లతో మొదలైన ఈ పని జాదుగూడలోని నమూనా కర్మాగారం వరకు సాగింది. 2007లో తుమ్మలపల్లె కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. రోజుకు 3000 టన్నుల సామర్థ్యంతో 2012లో పని ప్రారంభమైంది.

నమూనా కర్మాగారం

ప్రయోగశాలలో ఒక కిలోతో సాధించినది రోజుకు వేల టన్నులతో సాధ్యమా అన్నది నమూనా కర్మాగారంలో తేలుతుంది. గంటకు కొన్ని పదుల లేదా వందల కిలోల ముడిఖనిజాన్ని రోజుల తరబడి ఆపకుండా నడుపుతారు. గొట్టాలలో పొర కట్టడం, వడపోత గుడ్డలు మూసుకుపోవడం, పంపులు అరిగిపోవడం వంటివి సీసాలో చేసే ప్రయోగంలో కనిపించవు.

ఈ దశను దాటవేయడం వల్ల కలిగే నష్టాన్ని అమెరికన్ నిపుణుడు టెర్రీ మెక్‌నల్టీ 1998లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. 41 కర్మాగారాలు ప్రారంభమైన తరువాత నెలనెలా ఎంత ఉత్పత్తి చేశాయో పోల్చి, వాటిని నాలుగు తరగతులుగా విభజించాడు. మొదటి తరగతివి త్వరలోనే పూర్తి సామర్థ్యాన్ని అందుకొన్నాయి. చివరి తరగతివి ఏళ్ళు గడిచినా అందుకోలేదు. వెనుకబడిన వాటిలో నమూనా కర్మాగార పరీక్షలు అరకొరగా జరగడం, ముడిఖనిజపు స్వభావాన్ని సరిగా అర్థం చేసుకోకపోవడం సాధారణంగా కనిపించాయి. పరీక్షల ఖర్చు మొత్తం పెట్టుబడిలో చిన్న భాగమే. అయినప్పటికీ ధరలు పెరిగే కాలంలో తొందరపడి ముందుగా కోత పెట్టేది దీనికే.

వ్యర్థాల పరీక్షలు

టన్నుకు 400 గ్రాములు తీసిన తరువాత మిగిలిన రాయి దాదాపు అంతే బరువుతో ఉంటుంది. పొడిగా మారినందున అది ఆక్రమించే స్థలం గనిలో ఉన్నప్పటికంటే ఎక్కువ. ఈ వ్యర్థపు స్లర్రీని టెయిలింగ్ పాండ్ అనే చెరువులోకి పంపుతారు. పూర్వపు నివేదికలలో వ్యర్థాల ప్రస్తావన ఒకటి రెండు పేజీలకు మించేది కాదు. ప్రస్తుతం వ్యర్థం ఎంత వేగంగా అడుగుకు దిగుతుంది, దాని నుండి నీరు ఎంత ఇంకుతుంది, ఆ నీటిలో ఏయే లోహాలు, లవణాలు ఉంటాయి, సల్ఫైడ్ ఉన్న వ్యర్థం వానకు తడిసి ఆమ్లాన్ని పుట్టిస్తుందా అన్న అంశాలపై విడిగా పరీక్షలు చేస్తారు. ఆమ్ల పరీక్షలలో కొన్నింటిని నెలల తరబడి, ప్రతివారం నీటితో కడుగుతూ కొనసాగిస్తారు.

తుమ్మలపల్లె వ్యర్థం డోలమైట్ కాబట్టి ఆమ్లం పుట్టే ప్రమాదం తక్కువ. కాని సోడా ఆధారిత పద్ధతి కావడం వలన వ్యర్థంతోపాటు సోడియం లవణాలు ఉంటాయి. కరిగిన యురేనియం కొంత ఆ నీటిలో మిగిలి ఉంటుంది. కార్బొనేట్ కలిగిన నీటిలో యురేనియం సులభంగా కదలగలదు. పద్ధతికి బలమైన ఈ ధర్మమే భూగర్భ జలాల విషయంలో ఆందోళనకు కారణం. చెరువు సమీపంలోని కె.కె.కొట్టాల తదితర గ్రామాల రైతులు బోరునీరు పాడైనదని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున వేయవలసిన పొర విషయంలో కూడా వివాదం నడిచింది. కర్మాగారాన్ని నడుపుతున్న భారత యురేనియం సంస్థ ఈ ఆరోపణలను అంగీకరించలేదు. చెరువు నీరు ఎంత దూరం, ఎంత కాలంలో ప్రయాణిస్తుందన్న ప్రశ్నకు ప్రయోగశాలలోని గొట్టంలో చేసే ఇంకుడు పరీక్ష కొంతవరకే సమాధానం చెప్పగలదు. అసలు ప్రయాణం రాతి పగుళ్ళ వెంట జరుగుతుంది, అందుకు చెరువు చుట్టూ తవ్విన పరిశీలన బావులలోని నీటిని ఏళ్ళ తరబడి పరీక్షించవలసి ఉంటుంది.